అరచెయ్యంత రబ్బరు

సైకిళ్ళ షాపులో మరదలు చేతికొక టైరు పట్టుకుని, పిల్లల్ని ఎత్తి బరువు చూసినట్టు ఎత్తి చూస్తోంది. కుడిచేతిలోది పల్చగా, మెత్తగా ఉంది, మడిస్తే గుడ్డలా మడతపడుతోంది. ఎడమచేతిలోది మందం. నేలకి ఆనే రబ్బరు కింద గట్టి దారాలతో అల్లిన పట్టీ ఒకటి పరిచి ఉంది కాబట్టి మేకైనా గాజుపెంకైనా అంత తేలిగ్గా లోపలి ట్యూబు దాకా పోదు. వంచబోతే మాత్రం మొండిపిల్లాడిలా ఎదురు తన్నుతోంది.

"అది పరుగు పందేనికి వేసుకునే బూటు, ఇది గనిలోకి దిగడానికి వేసుకునే బూటు. మీరు పరిగెడతారా, గనిలోకి దిగుతారా, అది చెప్పండమ్మా" అన్నాడు షాపాయన.

"రెండూ" అంది మరదలు.

"అందరూ అదే అంటారు."

పంపుల స్టాండుకి ఆనుకుని నిలబడ్డ బావ నవ్వాడు. "మా మరదలు నీళ్ళు పరీక్ష చేసే లాబులో పనిచేస్తుంది లెండి. దాహమేసినా ముందు రిపోర్టు రావాలి, తర్వాతే గ్లాసు ముట్టుకుంటుంది."

బావకి చూపు లేదు. షాపుల్లో ఎప్పుడూ ఏదో ఒకదానికి ఆనుకునే నిలబడతాడు. కదలకుండా ఉన్నవాణ్ణి ఎవరైనా గుద్దితే తప్పు వాళ్ళదవుతుందని ఆయన లెక్క. వాళ్ళిద్దరూ తొక్కేది జంట సైకిలు, అంటే ఒకే చట్రానికి రెండు సీట్లు, రెండు జతల పెడల్స్. ముందు కూర్చున్నవాళ్ళు దారి చూస్తారు, హ్యాండిల్ తిప్పుతారు, బ్రేకులు పడతారు. వెనక సీటు ముందు కూడా ఒక హ్యాండిల్ ఉంటుంది గానీ అది ఎటూ తిరగదు, దానికి బ్రేకూ ఉండదు. అది పట్టుకోవడానికే. ముందు సీటు మరదలిది, వెనక సీటు బావది.

షాపాయన పల్చటి టైరుని బావ చేతిలో పెట్టాడు. బావ దాన్ని వేళ్ళ మధ్య నలిపి, చెవి దగ్గర పెట్టుకుని, కదలకుండా ఉండిపోయాడు.

"ఏం వినిపిస్తోందండీ?" అన్నాడు షాపాయన గొంతు తగ్గించి.

"ఏమీ లేదు. నాలాంటివాడు ఇలా చెవి దగ్గర పెట్టుకుంటే షాపులవాళ్ళకి గౌరవం పెరుగుతుందని."

షాపాయన దగ్గొచ్చేదాకా నవ్వాడు. మరదలు నవ్వలేదు. ఆమె మనసు లెక్కలో పడింది. ఇద్దరి బరువునీ, సైకిలు బరువునీ కలిపి టైర్లలోని గాలి ఒత్తిడితో భాగిస్తే నేలని తాకే రబ్బరు ఎంతో తేలిపోతుంది. అది ఒక్కో చక్రం కింద రెండు బొటనవేళ్ళు పక్కపక్కన పెట్టినంతే వచ్చింది. రెండు చక్రాలకీ కలిపితే ఇంట్లో ఇంకా నడక రాని తన చంటిదాని అరచెయ్యంత. కొండ మీంచి కారు వేగంతో దిగుతున్నప్పుడు ఇద్దరు పెద్దమనుషుల ప్రాణాలు ఆనుకునేది అంతమేర నేల మీద. లెక్క తప్పేమోనని మళ్ళీ చేసింది. తప్పలేదు. ఇన్ని నెలలుగా తొక్కుతూ ఈ సంగతి ఎలా తట్టలేదా అని చేతిలోని టైర్ల వైపు కొత్తగా చూసింది.

"ఇంత సన్నటి తేడాలో ఏముందండీ?" అని అడిగింది.

"చక్రం తిరిగినప్పుడల్లా నేలకి ఆనినచోట టైరు కాస్త నొక్కుకుపోయి మళ్ళీ లేస్తుంది కదమ్మా. పల్చటిది ఇట్టే నొక్కుకుని ఇట్టే లేస్తుంది. మందపాటిది నొక్కుకోవడానికి కొంత, లేవడానికి కొంత మీ కాళ్ళ బలాన్ని తినేస్తుంది. అది తినకపోతే మీరు వేగంగా పోతారు. తింటే పంక్చరు కాకుండా పోతారు." ఆయన రెండు జతలూ కట్టి ఇచ్చాడు. "తీసుకెళ్ళి చూసుకోండి, వద్దనుకున్నవి తెచ్చిచ్చేయండి. గాలి మాత్రం రాయిలా కొట్టకండి. గతుకుల రోడ్డు మీద సైకిలు గంతులేస్తుంటే ఎగిరిపోతున్నట్టు ఉంటుంది గానీ, గంతు పైకి పోతుంది, ముందుకి పోదు."

ఆదివారం కొండ పరుగు. జంట సైకిలు వాళ్ళది కాదు, సైకిళ్ళ క్లబ్బుది. కొండెక్కి, అవతలివైపు దిగి, గడువులోపల గీత దాటిన జంటకి క్లబ్బు దాన్ని ఏడాదిపాటు ఇస్తుంది. దాటలేకపోతే తీసుకుని ఇంకో జంటకి ఇస్తుంది. క్లబ్బులో ఉన్న జంట సైకిలు ఆ ఒక్కటే.

బావ అందరిలాగే చూస్తూ పెరిగినవాడు. కాలేజీలో ఉండగా చూపు అంచుల నుంచి లోపలికి మూసుకుంటూ వచ్చింది. డాక్టర్లు జబ్బుకి పేరు చెప్పగలిగారు గానీ మందు చెప్పలేకపోయారు. అప్పటికే ఆయనకి సైకిలు పిచ్చి. పక్కలు కనిపించకపోతే ఏం, ముందు కనిపిస్తోందిగా అని తొక్కాడు. ముందు కూడా మసకబారాక రోడ్డు అంచున ఉండే తెల్లగీతని పట్టుకుని తొక్కాడు. ఒకరోజు ఆ గీత మీద లారీ ఒకటి ఆగి ఉంది. దానికి గుద్దుకుని పడి, లేచి, దుమ్ము దులుపుకుని, "సారీ అండీ, చూసుకోలేదు" అన్నాడు. లారీలో ఎవరూ లేరు. ఆ సారీ లారీకే దక్కింది.

ఈ కథ ఆయన ఎన్నిసార్లు చెప్పినా ఇంట్లో అందరూ నవ్వుతారు. ఆ రోజు సైకిలు ఇంటిదాకా నడిపించుకొచ్చి, గోడకి ఆనించి, చీకటిపడేదాకా దాని పక్కనే కూర్చున్నాడన్న ముక్క మాత్రం ఆయన చెప్పలేదు. అక్క చెప్తే మరదలికి తెలిసింది.

ఆయన ఉద్యోగం కోర్టులో. వాదనల రికార్డింగులు చెవులకి తగిలించుకుని విని టైపు చేస్తాడు. "గొంతుని బట్టి ఎవరు అబద్ధమాడుతున్నారో పట్టేస్తారటగా?" అని అడిగేవాళ్ళకి కొదవలేదు. "లేదండీ. ఎవరికి జలుబు చేసిందో పట్టేస్తాను" అంటాడు.

అక్క సిటీ బస్సు డ్రైవరు. పెళ్ళికి ముందు బావ రోజూ ఆ బస్సులోనే కోర్టుకి వెళ్ళేవాడు, డ్రైవరు వెనక సీట్లో కూర్చుని. ఒకరోజు దిగబోతూ, "మీరు మలుపులో బ్రేకు పట్టరండీ. ముందే పట్టి, మలుపులోకి వచ్చేసరికి వదిలేస్తారు. చాలా హాయిగా ఉంటుంది" అన్నాడట. ఎంత బాగా నడిపినా ప్రయాణికులు నోరు తెరిచేది తిట్టడానికేనని నమ్మకం కుదిరిపోయిన అక్క ఆ మాటకి తరవాతి స్టాపులో బస్సు ఆపడం మరిచిపోయింది. అంతే, ఆ తరవాత పెద్దవాళ్ళని ఒప్పించడమే మిగిలింది.

కానీ జంట సైకిలు ముందు సీటు మీద అక్క ఒక్కసారి కూడా కూర్చోలేదు. "పొద్దున్నుంచీ బస్సునిండా జనాన్ని మోసుకు తిరుగుతాను. ఇంటికొచ్చాక మిమ్మల్నొక్కర్ని మోయలేనా అనకండి. మోయలేను" అని తేల్చేసింది. అందుకని బావ ముందు సీటుకి ఎప్పుడూ ఎవరో ఒకరిని వెతుక్కునేవాడు. చివరగా దొరికినాయన బ్యాంకు గుమాస్తా, గట్టి కాళ్ళవాడు. కిందటేడు ఆయనతోనే పరుగు గెలిచి సైకిలు తెచ్చుకున్నాక, ఒకరోజు అదే కొండ దిగుతుంటే మలుపులో ముందు టైరు పేలింది. లారీ టైరు నుంచి రాలిన తీగముక్క, కనురెప్ప వెంట్రుకంత ఉంటుందేమో, పల్చటి రబ్బరులోంచి నేరుగా లోపలికి దిగింది. హ్యాండిల్ మాట వినలేదు. గుమాస్తాకి మెడకింది ఎముక విరిగింది. బావ మోచెయ్యి దగ్గర్నుంచి భుజందాకా చర్మం లేచిపోయింది. గుమాస్తా కోలుకున్నాడు గానీ మళ్ళీ సైకిలెక్కలేదు. ఎవరూ ఆయన్ని తప్పుపట్టలేదు.

ఆ తరవాత బావ హాల్లో స్టాండు మీద పాత సైకిలొకటి బిగించుకుని తొక్కడం మొదలుపెట్టాడు. ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టుకునేవాడు, మొహానికి గాలి తగలాలని.

"కరెంటు పోతే ఆయన సైకిలు ఆగిపోతుందే" అంది అక్క ఒకరోజు చెల్లెలితో. నవ్వుతూనే అంది. "ఆ ఫ్యాను ముందు ఆయన మొహం చూడలేకపోతున్నానే. నువ్వు కాలేజీలో తొక్కేదానివి కదా. అడుగుదామనుకుంటూనే, నీ ఒళ్ళో పిల్ల ఉందని ఆగుతున్నాను."

మరదలు ఆ రాత్రంతా ఆలోచించి, తెల్లారి సరేనంది. సరేనంది గానీ, ఆమె ఎలాంటి మనిషంటే, చంటిది నిద్రపోతుంటే ముక్కు కింద వేలు పెట్టి ఊపిరి తగులుతోందో లేదో చూస్తుంది. తగిలాక పక్కకి వెళ్ళి, ఇందాక తగిలింది ఫ్యాను గాలేమోనని మళ్ళీ వచ్చి చూస్తుంది. అలాంటి మనిషి చూపులేని మనిషిని వెనకాల కూర్చోబెట్టుకుని కొండ దిగాలి.

అందుకే టైర్ల సంగతి ఎవరి మాట మీదా వదలదలుచుకోలేదు. పరీక్ష చేసి తేల్చుకుంటానంది.

లాబు వెనక, నీళ్ళ ట్యాంకు దగ్గర్నుంచి కిందికి ఒక సిమెంటు రోడ్డు ఉంది. పొద్దున్నే బండ్లు తిరగవు. ట్యాంకు దగ్గర నిటారుగా మొదలై, మధ్యలో ఒక మలుపు తిరిగి, కిందికొచ్చాక చదునై, పంపుహౌసు వైపు కాస్త ఎక్కుతుంది. పైన ఒకే చోట నుంచి సైకిలు వదలాలి. పెడల్ తొక్కకూడదు, బ్రేకు పట్టకూడదు. దానంతటది ఎక్కడ ఆగితే అక్కడ సుద్దముక్కతో గీత గీయాలి. టైర్లు మార్చి మళ్ళీ వదలాలి. బరువు అదే, రోడ్డు అదే, గాలి అదే. ఏ టైరు ఎక్కువ దూరం పోతే అది వేగమైనది.

"ఇంత చిన్న లెక్కా?" అన్నాడు బావ. "నేను ఇంకా ఏదో మిషను తెస్తావనుకున్నా."

"మనమే మిషను. కదలకుండా కూర్చో. ఒకసారి వంగి ఒకసారి నిటారుగా కూర్చుంటే గాలి తేడా వస్తుంది."

"ఊపిరి పీల్చుకోవచ్చా డ్రైవరు గారూ?"

"కొంచెంగా."

ముందు మందపాటి టైర్లు వేశారు. సైకిలు గరగరమంటూ దిగి, మలుపు తిరిగి, పంపుహౌసుకి ఇవతల ఆగింది. గీత గీసింది. తరవాత పల్చటివి వేశారు. టైరు ఎక్కించేముందు బావ దాని లోపలంతా వేళ్ళతో మెల్లగా తడుముతూ ఒక చుట్టు తిరిగాడు, తీగముక్కలేమైనా ఉంటే తగులుతాయని. ఒకచోట ఆగి ఏదో గిల్లి తీశాడు.

"తీగా?" అంది మరదలు కంగారుగా.

"బిస్కెట్టు. నీ కూతురు కూడా టైర్లు పరీక్షించినట్టుంది."

పల్చటి టైర్ల మీద సైకిలు చప్పుడే లేకుండా దిగింది, పట్టు గుడ్డ చింపుతున్నట్టు సన్నటి శబ్దం మాత్రం వచ్చింది. వచ్చి, మందపాటి టైర్ల గీతకి ఇంకా ఇవతలే ఆగిపోయింది.

మరదలు నమ్మలేదు. మళ్ళీ చేసింది, మర్నాడు వచ్చి మళ్ళీ చేసింది. ప్రతిసారీ మందపాటివే గెలిచాయి. ఆమె ఆనందం పట్టలేకపోయింది. "చూశావా బావా! గట్టి టైర్లే ఎక్కువ దూరం పోతున్నాయి. షాపాయన చెప్పేది పాతకాలం మాట. మన బరువుకి, ఈ రోడ్డుకి, ఇవే వేగం. పంక్చరు భయం లేదు, వేగమూ ఉంది!"

బావ చక్రాన్ని చేత్తో ఒకసారి తిప్పి వదిలాడు. "నువ్వు లెక్క చూసి చెప్తున్నావుగా" అన్నాడు. "అవే వేద్దాం."

చివరగా పల్చటి టైర్లు విప్పేసి కట్ట కట్టాలి. మరదలు ముందు చక్రం ఊడదీసి, గాలి తీయడానికి రిమ్ము మీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

రిమ్ము వెచ్చగా ఉంది.

ఇంకా ఎండ ఇటువైపు రాలేదు. చట్రం తాకితే చల్లగానే ఉంది. చువ్వలు చల్లగా ఉన్నాయి. టైరు కూడా రిమ్మంత వెచ్చగా లేదు. రిమ్ము ఒక్కటే, అప్పుడే దించిన పాలగిన్నె అంచులా వెచ్చగా ఉంది. బ్రేకు పట్టకుండా దిగిన చక్రానికి ఆ వేడి రావడానికి దారే లేదు. ఇందాక మందపాటి టైర్లు విప్పినప్పుడు రిమ్ము పొద్దుటి ఇనుములా జిల్లుమన్న సంగతి ఆమె చేతికి ఇంకా గుర్తుంది.

ఆమె తన వేళ్ళవైపు చూసుకుంది. ఆ వేళ్ళు ఆమెకి చెప్పకుండానే పనిచేశాయి. గట్టి టైర్ల మీద ఆ మలుపులో ఊరుకున్నాయి. పల్చటి టైర్ల మీద అదే మలుపులో, ప్రతిసారీ, బ్రేకుని మెల్లగా, ఆమెకే తెలియనంత మెల్లగా నొక్కాయి. బరువూ రోడ్డూ గాలీ అన్నీ సమానంగా ఉంచానని మురిసిపోయింది గానీ, తన భయాన్ని సమానంగా ఉంచడం ఆమెకి తట్టలేదు.

లాబులో ఎన్నో ఏళ్ళుగా ఇతరుల సీసాల్లో చెత్త వెతికిన మనిషికి ఒళ్ళు జలదరించింది. సిగ్గువల్ల కాదు. తనలో తనకి తెలియకుండా ఇంత పట్టుదలగా, ఇంత నేర్పుగా తనని కాపాడుతున్నదేదో ఉందని మొదటిసారి చేతికి తగిలింది.

"బావా" అంది. "పరీక్ష తప్పు. నేను బ్రేకు పట్టాను."

"అవును" అన్నాడు బావ.

"అవునేంటి? నీకు తెలుసా?"

"పల్చటివి వేసినప్పుడల్లా మలుపులో నీ వీపు వైపుకి కాస్త తూలాను కదే. సైకిలు తగ్గితేనే కదా తూలేది."

"మరి ఎందుకు చెప్పలేదు? నిన్నట్నుంచీ గంతులేస్తున్నాను గట్టి టైర్లు గట్టి టైర్లు అని!"

బావ రోడ్డు పక్క గట్టు తడుముకుని కూర్చున్నాడు. "వెనక సీటువాడు బ్రేకు గురించి అడక్కూడదు. ఈ సైకిలు ఎక్కినప్పట్నుంచీ నేను పెట్టుకున్న పద్ధతి అది. ఎందుకు పట్టావని ఇవాళ అడిగాననుకో, రేపు నిజంగా పట్టాల్సిన చోట, బావ ఏమనుకుంటాడో అని నీ చెయ్యి ఒక్క క్షణం ఆలోచిస్తుంది. ఆ క్షణం చాలు మనకి."

"దానికోసం సైకిలు పోగొట్టుకునేవాడివా?"

"అడిగితే డ్రైవరుని పోగొట్టుకుంటాను. సైకిలు పోతే ఫ్యానుంది."

మరదలు ఆయన పక్కన కూర్చుంది. అడగాలా వద్దా అని తటపటాయించి, అడిగేసింది. "నీకు అసలు భయం వెయ్యదా బావా?"

"వెయ్యకపోవడమేంటి!" ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "దిగుడు మొదలైందంటే సైకిలు ఆపించి నడిచి పోదామనిపిస్తుంది. ఆ బ్యాంకాయనతో పడకముందూ అంతే, పడ్డాకా అంతే. నువ్వు 'మలుపు, ఎడమ' అని అరుస్తావు చూడు, ఆ మాటకీ అసలు ఎడమకి తిరగడానికీ మధ్య నేను ఒకసారి పోయి వస్తాను."

"మరి ఎందుకెక్కుతావు?"

"మలుపు దాటాక ఒకటుంటుంది. ఏంటంటే చెప్పలేను. ఫ్యాను ముందు దానికోసం చాలా వెతికాను. దొరకలేదు."

మరదలు ఆయన్ని తేరిపార చూసింది. ఇన్నాళ్ళూ తన వెనక కూర్చున్నది భయం తెలియని మనిషి అనుకుంది. కొందరు అలా పుడతారు, మనకి అంత అదృష్టం లేదు అనుకుంది. తీరా చూస్తే ఆమెకంటే ఎక్కువ భయంతో, తిరగని హ్యాండిల్ పట్టుకుని, బ్రేకు లేకుండా, దారి కనిపించకుండా, ఎవరి వీపునో నమ్మి ఇన్నిసార్లు కొండ దిగిన మనిషి. అంతా తెలిసి, ఆమె వేళ్ళు చేస్తున్న మోసాన్ని తన ఛాతీతో తెలుసుకుని కూడా, నోరు మెదపని మనిషి. 

"లే" అంది చివరికి. "మళ్ళీ చేద్దాం."

పల్చటి టైర్లు మళ్ళీ ఎక్కించారు. ఈసారి మలుపు వస్తుంటే ఆమె తన వేళ్ళని తనే కనిపెట్టి చూసింది. అవి దొంగల్లా బ్రేకు వైపు జరిగాయి. జరుగుతుంటే చూసి, వెనక్కి తెచ్చుకుంది. సైకిలు మలుపులో ఒరిగి, సుద్దగీతల్ని ఒక్కొక్కటే దాటి, పంపుహౌసు గేటు కూడా దాటి, ఎక్కుడు రోడ్డు మీద ఆగనా వద్దా అన్నట్టు నిలిచింది. షాపాయన మాటే నిజమైంది.

"ఎక్కడున్నాం?" అన్నాడు బావ.

"గేటు అవతల" అంది మరదలు. చెప్పడానికి కూడా భయమేసేంత దూరం.

ఇక మిగిలింది ఎంచుకోవడం. ఆ సాయంత్రం హాల్లో చక్రాలు ముందేసుకుని కూర్చున్నారు. అక్క డ్యూటీ దిగి వచ్చి, యూనిఫారం మీదే నేల మీద కూలబడి, చంటిదాన్ని ఒళ్ళో వేసుకుంది.

"వెనక టైరు పంక్చరైతే సైకిలు కాస్త తోకాడిస్తుంది, మెల్లగా ఆపుకోవచ్చు" అంది మరదలు. "ముందు టైరు పోతేనే హ్యాండిల్ చేతిలోంచి పోతుంది. కిందటేడు పోయింది ముందుదే. కాబట్టి ముందు గట్టిది, వెనక పల్చటిది. పొద్దున అలాగే వేసి వదిలి చూశాను కూడా. రెండు గీతల మధ్యలో ఆగింది."

"అంటే పేలితే నా కిందే పేలాలన్నమాట" అన్నాడు బావ.

మరదలి మొహం పాలిపోయింది. "నేను అలా అనుకోలేదు బావా..."

"నేను అనుకున్నానులే, బాగానే ఉంది. పేలినా నాకు కనిపించదుగా."

"గడువుకి సరిపోతుందా మరి?" అంది అక్క.

"తెలీదక్కా. బ్రేకు అవసరానికి మించి పట్టకపోతే సరిపోవచ్చు. పడితే సరిపోదు."

అక్క చెల్లెలివైపు చూసింది, చంటిదానివైపు చూసింది. "నేనేం చెప్పను. బస్సుకైతే ఆరు టైర్లుంటాయి" అంది.

ఆదివారం పొద్దున క్లబ్బు సెక్రటరీ మెడలో స్టాప్‌వాచీ వేసుకుని జెండా ఊపి, అవతలివైపు గీత దగ్గరికి జీపులో బయల్దేరాడు. కొండ ఎక్కేటప్పుడు భయానికి చోటు లేదు, కాళ్ళకే పని. వెనక నుంచి బావ కాళ్ళ బలం పెడల్స్‌లోకి వచ్చి తన కాళ్ళని తోస్తుంటే, నది మధ్యలో నిలబడ్డట్టనిపించింది మరదలికి. హాల్లో ఫ్యాను ముందు తొక్కిన నెలలన్నీ ఆ బలంలో ఉన్నాయి. శిఖరం దగ్గర రోడ్డు ఒక్క క్షణం చదునై, తరవాత ముందుకి ఒరిగింది.

"దిగుడు" అంది మరదలు.

"ఊఁ" అన్నాడు బావ.

"మలుపు, కుడి." ముందే బ్రేకు పట్టింది, మలుపులోకి రాగానే వదిలేసింది. "వదిలాను. మలుపు, ఎడమ." చెట్లు గీతల్లా మారాయి. గాలి చెవుల్లో చప్పుడు స్థాయి దాటి గోడలా నిలబడింది. కనిపించినవన్నీ ఆమె గట్టిగా చెప్తూనే ఉంది. రాళ్ళు, తడి, గుంట, నీడ. చెప్పడానికి మాట సరిపోనంత వేగంలో ఏమీ దాచకుండా చెప్తుంటే, తన కళ్ళు తన ఒక్కదానివి కావనిపించింది.

బ్యాంకాయన పడ్డ మలుపు వచ్చింది. అక్కడ రోడ్డు అంచున రాతిగోడ మీద పాత గీరుడు మచ్చ ఇంకా ఉంది. ఆమె ముందే బ్రేకు పట్టింది, పట్టాల్సినంతా పట్టింది. అప్పుడు వేళ్ళు ఇంకా కావాలన్నాయి. ఇంకొంచెం, ఇంకొక్కసారి అన్నాయి. ఎవరికీ తెలియదు. వెనకాయనకి తెలుస్తుంది, కానీ ఆయన అడగడు.

ఆమె వేళ్ళు విప్పింది.

సైకిలు ఒరిగింది. నేల దగ్గరకొచ్చింది. ఒక్క క్షణం ఏ చప్పుడూ లేదు, బరువు లేదు, రెండు శరీరాలు కలిసి ఒకే కోణంలో వాలాయి. చూపున్న మనిషి ఎటు వాలిందో చూపులేని మనిషి సరిగ్గా అటే వాలాడు, ఒక వెంట్రుకవాసి ఎక్కువ కాదు, తక్కువ కాదు. గోడ పక్కనుంచి వెళ్ళిపోయింది. సైకిలు నిటారుగా లేచింది. రోడ్డు ముందు తెరుచుకుంది.

వెనకనుంచి ఒక శబ్దం వచ్చింది. అది ఏడుపో నవ్వో ఆమెకి తెలియలేదు. ఆయన చెప్పలేనన్నది అదే అయ్యుంటుంది. ఎందుకంటే ఆమె నోట్లోంచి కూడా అదే వచ్చింది.

గీత దాటాక కూడా సైకిలు చాలాదూరం ఆగలేదు. సెక్రటరీ స్టాప్‌వాచీ ఎత్తి పట్టుకుని వెనకాల పరిగెత్తుకొచ్చాడు. "ఉంది! ఉంది! గడువులోపలే ఉంది! రెప్పపాటు తేడా, కానీ లోపలే! సైకిలు మీదే!"

అక్క చంటిదాన్ని చంకనేసుకుని జనాన్ని తోసుకుంటూ వచ్చింది. "ఆఖరి స్టాపు! దిగండి, దిగండి" అంది.

మరదలు దిగి సైకిలు పట్టుకుంది. బావ దిగలేదు.

"దిగండి అయ్యగారూ. మీకేమైనా మళ్ళీ జెండా ఊపాలా?"

"దిగుతాను. చేతులు రావట్లేదు" అన్నాడు బావ.

ఎప్పటిలా ఏదో జోకనుకుని అక్క నవ్వింది. మరదలు చూసింది. ఆయన వేళ్ళు ఆ తిరగని హ్యాండిల్ చుట్టూ బిగుసుకుపోయి, కణుపులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. వదలమంటే వదలడం లేదు.

అక్క చంటిదాన్ని చెల్లెలికి అందించింది. వంగి, చిటికెనవేలు దగ్గర మొదలుపెట్టి, ఒక్కో వేలునీ పట్టి మెల్లగా విప్పింది. ఒకటి విప్పితే ఇంకొకటి మళ్ళీ మూసుకుంటోంది. చంటిది మెడ చాచి చూస్తోంది. చెయ్యి పూర్తిగా తెరుచుకున్నాక అక్క దాన్ని తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది. 

"అంత భయమేసిందా?" అంది అక్క చాలా మెల్లగా.

"చాలా" అన్నాడు బావ. మొహమంతా నవ్వు. "చాలా. రెండో చెయ్యి కూడా విప్పు."